సంతకం పెట్టదగ్గ అనువాదం

1976లో షెడ్యూల్డ్ కులాలు, తెగల జాబితాలను సవరిస్తూ పార్లమెంటు ఒక చట్టం చేసింది. బిహార్‌కు సంబంధించిన తెగల జాబితాలో, ఇంగ్లిషు ప్రతిలో ‘లోహారా’ అన్న పేరు ఉంది. హిందీ అనువాదంలో అది ‘లోహార్’ అయింది. చివరి దీర్ఘం ఒక్కటే జారిపోయింది. అయితే లోహారాలు ఒక గిరిజన తెగ. లోహార్లు ఇనుప పని చేసుకునే కమ్మరులు, బిహార్‌లో వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నవాళ్ళు. హిందీ ప్రతిని చేతపట్టుకుని తామూ షెడ్యూల్డ్ తెగవాళ్ళమేనని లోహార్లు వాదించారు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇంగ్లిషు పాఠమే ప్రామాణికమనీ, హిందీ అనువాదం తప్పనీ 1996లో నిత్యానంద శర్మ కేసులో కోర్టు తేల్చింది. దాంతోనైనా ముగిసిందా అంటే అదీ లేదు. 2016లో బిహార్ ప్రభుత్వం లోహార్లకు మళ్ళీ ఎస్టీ ధ్రువపత్రాలు ఇచ్చేలా ఉత్తర్వు తెచ్చింది. 2022లో సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. ఒక్క దీర్ఘం వెనకాల ఒక కులం ఆశలు, ఇంకో తెగ హక్కులు, నలభై ఆరేళ్ళ కాలం నడిచాయి.

చట్టానికీ డబ్బుకూ సంబంధించిన కాగితాల అనువాదాన్ని బతుకుదెరువుగా ఎంచుకోవాలనుకునేవాళ్ళు ముందు మనసుకు పట్టించుకోవలసిన సంగతి ఇది. కథలోనో నవలలోనో ఒక మాట అటూ ఇటూ అయితే చదివేవారి అనుభవానికి లోటు వస్తుంది. దస్తావేజులో మాట జారితే ఒకరి ఇల్లు పోవచ్చు, ఒకరి ఉద్యోగం పోవచ్చు, ఒకరు అన్యాయంగా జైల్లో ఉండిపోవచ్చు. అందుకని ఈ పనికి డబ్బు ఇచ్చేవాళ్ళు అసలు కొనుక్కునేది ఒక పూచీ: ‘ఆ కాగితంలో ఉన్నదే ఈ కాగితంలో ఉంది, ఎక్కువా లేదు తక్కువా లేదు, ఎవరైనా అడిగితే నేను జవాబు చెబుతాను’ అనే పూచీ. రెండు భాషలూ రావడం ఆ పూచీకి మొదటి మెట్టు మాత్రమే. విషయం తెలియనివాళ్ళు ఆ పూచీ ఇవ్వలేరు. ఈ వృత్తిలో ఎవరు నిలబడతారు, ఎవరు మధ్యలో విసిగి వదిలేస్తారు అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుందని నా నమ్మకం.

అసలు తెలుగులో ఈ పని ఉందా అని చాలామందికి అనుమానం. కోర్టులూ బ్యాంకులూ ఇంగ్లిషులోనే కదా నడిచేది అంటారు. కాస్త కళ్ళు తెరిచి దినపత్రిక తిరగేస్తే జవాబు దొరుకుతుంది. అప్పు తీర్చలేనివాళ్ళ ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకున్నప్పుడు వెలువడే నోటీసును చూడండి. సర్ఫేసీ చట్టం కింద 2002లో చేసిన నియమాల ప్రకారం దాన్ని రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది కావాలి. హైదరాబాదులో రిజిస్టర్డ్ ఆఫీసున్న కంపెనీ షేర్లు జనానికి అమ్మజూపితే, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం ఆ ప్రకటన ఇంగ్లిషు, హిందీ పత్రికలతో పాటు ఇక్కడి భాషా పత్రికలోనూ రావాలి. ప్రభుత్వం భూమి సేకరించాలంటే 2013 నాటి చట్టం ప్రాథమిక ప్రకటనను ప్రాంతీయ భాషా దినపత్రికలో వేయమంటుంది, పంచాయతీ కార్యాలయంలో స్థానిక భాషలో పెట్టమంటుంది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ అప్పులకు, చిన్న, మధ్యతరహా సంస్థల టర్మ్ లోన్లకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఒక ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. అది అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని అందులోనే రాసింది. ఇవి ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడినవి కావు. చట్టం అడుగుతోంది కాబట్టి ఎవరో ఒకరు ప్రతిరోజూ ఈ కాగితాలను తెలుగు చేస్తూనే ఉన్నారు. బాగా చేస్తున్నారా అన్నది వేరే ప్రశ్న. 2011 జనగణన లెక్కన తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8.11 కోట్లు. వాళ్ళలో ఎంతమందికి ఆ నోటీసు చదివితే అర్థమవుతుందో ఆలోచిస్తే ఈ పనికి ఎంత చోటుందో తెలుస్తుంది.

చట్టం ఈ విషయాన్ని లాంఛనంగా చూడడం లేదనడానికి పాత ఉదాహరణే ఉంది. ముందస్తు నిర్బంధం కింద ఒకరిని జైల్లో పెడితే ఎందుకు పెట్టారో చెప్పాలని రాజ్యాంగంలోని 22వ అధికరణ అంటుంది. హరికిషన్ అనే వ్యక్తికి ఆ కారణాలను ఇంగ్లిషులో ఇచ్చారు. ఆయనకు ఇంగ్లిషు రాదు. హిందీ ప్రతి ఇమ్మని అడిగితే నిరాకరించారు. నోటితో వివరించాం కదా అన్నది ప్రభుత్వ వాదన. అది సరిపోదని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. మనిషికి అర్థం కాని భాషలో కారణాలు ఇవ్వడం ఇవ్వకపోవడంతో సమానమంటూ ఆ నిర్బంధాన్నే చెల్లదంది. నాలుగు కాగితాల అనువాదం లేనందువల్ల ఒక ప్రభుత్వ ఉత్తర్వు కూలిపోయింది. అలాగే 1973లో వచ్చిన ఒక చట్టం ప్రకారం, రాష్ట్రపతి అధికారంతో గెజిట్‌లో ప్రచురించిన కేంద్ర చట్టాల తెలుగు అనువాదం తెలుగులో ప్రామాణిక పాఠంగానే చెల్లుతుంది. చట్టాన్ని తెలుగు చేసిన మనిషి మాటే తెలుగులో చట్టం అవుతుందన్నమాట. ఇంతకంటే బరువైన రాత పని ఇంకేముంటుంది?

ఇక పని లోపలికి వెళ్దాం. ఇంగ్లిషులో రోజూ వినే మాటలే న్యాయస్థానంలోకి, బ్యాంకులోకి అడుగు పెట్టగానే వేషం మార్చేస్తాయి. ‘ఛార్జ్’ అన్న మాట బ్యాంకు రసీదులో రుసుము. క్రిమినల్ కోర్టులో అభియోగం. కంపెనీ అప్పు పత్రంలో ఆస్తి మీద పడ్డ భారం. ‘ఎగ్జిక్యూట్’ అంటే దస్తావేజు విషయంలో రాసి సంతకం చేసి ఇవ్వడం, డిక్రీ విషయంలో అమలు చేయడం, ఖైదీ విషయంలో ఉరితీయడం. ‘ప్రొవిజన్’ చట్టంలో నిబంధన, బ్యాలెన్స్ షీటులో రాబోయే నష్టానికి ముందుగా పక్కన పెట్టిన మొత్తం. ‘కన్సిడరేషన్’ను ‘పరిశీలన’ అని రాసిన ఒప్పంద పత్రాన్ని ఊహించండి. అది అక్కడ ‘ప్రతిఫలం’. ప్రతిఫలం లేని ఒప్పందం, కొన్ని మినహాయింపులు తప్ప, చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం అంటుంది. అంటే ‘పరిశీలన’ అని రాసిన అనువాదం ఒప్పందం గుండెకాయనే తీసేసింది. లాయరు నోటీసు మీద ‘వితౌట్ ప్రెజుడిస్’ అని ఉంటే, ‘దురభిప్రాయం లేకుండా’ అని తెలుగు చేయడానికి డిక్షనరీ చాలు. ‘మా హక్కులకు భంగం కలగకుండా’ అని చేయడానికి మాత్రం ఆ మాట నోటీసులో ఎందుకు రాస్తారో తెలియాలి. డిక్షనరీలో ఆరు అర్థాలు వరసగా ఉంటాయి. ఏది ఎక్కడ పనికొస్తుందో చెప్పేది విషయ జ్ఞానమే.

ఇంగ్లిషులో ఒక మాటకు పది అర్థాలున్నట్టే, తెలుగులో పది సంగతులకు ఒకే మాట వాడే అలవాటూ ఉంది. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదమని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే అది మన సొంత మాట కాబట్టి అనుమానం రాదు. ‘తాకట్టు’ సంగతే తీసుకుందాం. ఇంటిమీద అప్పు తెస్తే ఇల్లు తాకట్టు పెట్టామంటాం, గొలుసు బ్యాంకులో ఇచ్చి డబ్బు తెస్తే బంగారం తాకట్టు అంటాం, ఫైనాన్సులో ట్రాక్టరు కొంటే అదీ తాకట్టులో ఉందంటాం. చట్టం దృష్టిలో ఈ మూడూ వేరు వేరు. ఇల్లు, భూమి వంటి స్థిరాస్తి మీద ఉన్నది తనఖా. అందులోనూ ఆస్తి స్వాధీనం ఇచ్చేది, ఇవ్వనిది, కేవలం హక్కు పత్రాలు బ్యాంకులో పెట్టేది అంటూ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఆరు రకాలు చెబుతుంది. గొలుసు వస్తువుగా అప్పిచ్చినవారి చేతికి వెళ్ళిపోతుంది, అది కుదువ. ట్రాక్టరు మాత్రం రైతు దగ్గరే ఉండి పొలం దున్నుతూ ఉంటుంది, అది హైపోతికేషన్. ఆర్‌సీ కాగితం మీద ఆ ఇంగ్లిషు మాటే ఉంటుంది, జనానికీ అదే తెలుసు. అప్పు తప్పినప్పుడు ఎవరు ఎవరి గుమ్మం ఎక్కాలి, ముందు నోటీసు ఇవ్వాలా, అమ్మేయవచ్చా అన్నవన్నీ ఈ తేడాల మీదే నిలిచి ఉన్నాయి. ‘హామీ’ కూడా అంతే. ఎన్నికల హామీ అంటాం, ఉపాధి హామీ అంటాం, బ్యాంకులో స్నేహితుడి అప్పుకు సంతకం పెట్టినా హామీయే అంటాం. మొదటిది నిలబెట్టుకోకపోతే కోర్టుకు వెళ్ళలేం. మూడోదాంట్లో, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీను ఉన్నవాడి బాధ్యతా అంతే అని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెబుతుంది. సాక్షి సంతకం లాంటిదేలే అనుకుని జామీను సంతకం పెట్టేసిన మనిషికి ఆ తేడా అర్థమయ్యేలా రాయడం అనువాదకుల చేతిలోనే ఉంది.

డబ్బు లెక్కల్లో ఈ దూరం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మన పల్లెల్లో, పట్టణాల్లోనూ, వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటారు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు కాగితం శాతాల్లో, ఏడాది లెక్కన మాట్లాడుతుంది. ‘12 శాతం’ అని చదివినవాళ్ళు అది రూపాయి వడ్డీ అని మనసులో తర్జుమా చేసుకోగలరు. కానీ అది అసలు మొత్తం మీద చివరిదాకా లెక్కగట్టే ఫ్లాట్ వడ్డీనా, తీరుస్తూ పోయేకొద్దీ తగ్గే అసలు మీద లెక్కగట్టేదా అన్నది కాగితంలో తెలియకపోతే మనిషి మోసపోయినట్టే. లక్ష రూపాయల అప్పు, 12 శాతం ఫ్లాట్, పన్నెండు కిస్తులు అనుకోండి. నెలకు 9,333 రూపాయలు కట్టాలి. తగ్గే అసలు మీద లెక్క వేస్తే ఆ అప్పు నిజానికి ఏడాదికి 21 శాతం పైన పడింది. రిజర్వు బ్యాంకు ముఖ్య వివరాల పత్రంలో రుసుములతో సహా అసలైన వార్షిక రేటు చూపించమన్నది ఇందుకే. ఆ రేటును తెలుగు చేసేవారికి బారు వడ్డీ, చక్రవడ్డీ, ఫ్లాట్, తరుగు అనే మాటల మధ్య తేడా లెక్క వేసి చూపించగలిగేంతగా తెలియాలి. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వ్యవహారం ముదిరి ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిన రోజుల్ని గుర్తుంచుకున్నవాళ్ళకు, అప్పు కాగితం భాష ఎంత పెద్ద విషయమో వేరే చెప్పనక్కర్లేదు. 2022లో రిజర్వు బ్యాంకు తెచ్చిన సూక్ష్మరుణ నిబంధనలు అప్పు కార్డు కూడా తీసుకునేవాళ్ళకు అర్థమయ్యే భాషలోనే ఉండాలంటున్నాయి. అంకెల్లో ఇంకా చిన్న చిన్న గోతులున్నాయి: మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ఖాతాల్లో బ్రాకెట్లలో ఉన్న అంకె నష్టం, అలంకారం కాదు, అమెరికా కాగితంలో 03/04 అంటే మార్చి 4, మనకు ఏప్రిల్ 3.

తెలుగు నేల మీద ఈ వృత్తికి ఇంకో లోతు ఉంది, దాన్ని పరాయి భాషల అనువాదకులు ఎవరూ అందుకోలేరు. మన కోర్టు మాటల్లో చాలా భాగం పారసీ, అరబీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే: దస్తావేజు, వకాల్తా, ఫిర్యాదు, జప్తు, వాయిదా. వచ్చే దారిలో కొన్ని అర్థం మార్చుకున్నాయి. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, అంటే సరిగ్గా ఎదుటి పక్షం. తెలుగులో ఖరీదు అంటే ధర, ఉర్దూలో కొనుగోలు. తెలుగులో తనఖా అంటే ఆస్తి మీద అప్పు, ఉర్దూలో ‘తన్‌ఖ్వాహ్’ అంటే జీతం. నిజాం పాలనలో పాలనా భాష ఉర్దూ కాబట్టి, తెలంగాణలో పాత భూముల తగాదాలు తవ్వేకొద్దీ ఉర్దూ కాగితాలు బయటికొస్తాయి. ఫసలీ 1357 అంటే సుమారుగా 1947–48 అనీ, తరి అంటే మాగాణి, ఖుష్కి అంటే మెట్ట అనీ, తెలంగాణ పహాణీయే ఆంధ్రలో అడంగల్ అనీ తెలియనివారు ఒక్క పేజీ కూడా సరిగ్గా ఇంగ్లిషు చేయలేరు. ఎకరానికి ఆంధ్రలో వంద సెంట్లు, తెలంగాణలో నలభై గుంటలు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, గుంట అంటే 121. విదేశీ కాన్సులేటుకు వెళ్ళే పాస్‌పుస్తకం అనువాదంలో ‘సెంటు’ అని రాసి ఊరుకుంటే చదివేవాళ్ళు నాణెం అనుకుంటారు. కాబట్టి మూలంలోని కొలతను అలాగే ఉంచి, పక్కన అనువాదకుల వివరణగా గజాల లెక్క ఇవ్వడం మర్యాద. ఈ అవసరం కొత్తదీ కాదు. మన నిఘంటుకారుడు సి.పి. బ్రౌన్ కోర్టుల్లో పని చేసినవాడు, మద్రాసు ప్రభుత్వానికి అనువాదకుడు. 1852లో ఆయన తెచ్చిన ‘జిల్లా నిఘంటువు’ కచేరీల్లో నలిగే ఇలాంటి మాటల కోసమే తయారైంది. ఉర్దూ చదవగలిగిన, రెవెన్యూ భాష తెలిసిన తెలుగువాళ్ళు ఈ రోజు తగ్గిపోతున్నారు. ఉర్దూ, రెవెన్యూ భాష, తెలుగు మూడూ వచ్చిన మనిషికి పని కరువు ఉండదని ధైర్యంగా చెప్పవచ్చు.

చట్టాన్ని మోయగల మాటలు తెలుగులో లేవన్న వాదన తరచుగా వినిపిస్తుంది. దీన్ని నేను సగమే ఒప్పుకుంటాను. కొన్ని భావాలకు నిజంగానే సిద్ధంగా మాట లేదు. కానీ 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమి నుంచి నేటి వరకు పారిభాషిక పదకోశాలు వస్తూనే ఉన్నాయి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక వీలునామా వివాదంలో తెలుగులో తీర్పు రాసి, ఇంగ్లిషు ప్రతినీ జోడించింది.  అసలు ఇబ్బంది మాటల లేమి కన్నా మాటల గజిబిజి. ఒకే అప్పు పత్రంలో ‘సెక్యూరిటీ’ని ఒక పేజీలో భద్రత అనీ, ఇంకోచోట పూచీకత్తు అనీ, మూడోచోట హామీ అనీ రాయడం సర్వసాధారణం. బళ్ళో వ్యాసం రాసేటప్పుడు మాట మార్చి మార్చి రాయమంటారు. దస్తావేజులో అది నేరం లాంటిది. మాట మారిందంటే అర్థం మారిందనే కోర్టు అనుకుంటుంది. రెండో తగాదా శైలి గురించి. ‘చెల్లించవలెను’, ‘శిక్షింపబడును’ అన్న పాత కచేరీ భాష పట్టుకు వేలాడాలా, మాట్లాడే తెలుగులో రాయాలా? తప్పనిసరి, ఐచ్ఛికం అన్న తేడా చెడనంతవరకు మాట్లాడే తెలుగే మేలు. ‘చెల్లించాలి’, ‘చెల్లించవచ్చు’ అన్నవి ‘వలెను’, ‘వచ్చును’ అన్నంత ఖచ్చితంగానే నిలబడతాయి. హైపోతికేషన్, డిక్రీ, బెయిలు వంటి మాటలు జనం నోట ఉన్నాయి. వాటికి సంస్కృతంలో కొత్త పేర్లు పెట్టడం చదివేవారికి రెండో ఇంగ్లిషు నేర్పడమే.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం యంత్రం. 2019 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పుల అనువాదానికి ‘సువాస్’ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది, అందులో తెలుగూ ఉంది. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వ అనువాద వేదిక ‘భాషిణి’ ఉంది. ఇప్పుడు ఫోనులోనే ఒక పేజీ క్షణంలో తెలుగవుతుంది. అలాంటప్పుడు ఇరవై ఏళ్ళ పిల్లలకు ఈ వృత్తిలోకి రమ్మని చెప్పడం న్యాయమా? ప్రశ్న సబబే. మామూలు ఉత్తరాలు, ప్రకటనలు, వెబ్‌సైటు రాతలు పదానికింత అని చేసి బతికిన అనువాదకుల ఆదాయం దెబ్బ తిన్నదన్నది నిజం, దాన్ని దాచడం పాపం. యంత్రం చేసిన దాన్ని దిద్దే పనికి తక్కువ ధర కట్టడమూ నిజమే. కానీ యంత్రం తప్పులు వెనుకటి తప్పుల్లా వికారంగా ఉండవు. నున్నగా, చదవడానికి హాయిగా ఉంటాయి. ‘లీవ్ గ్రాంటెడ్’ అంటే అప్పీలుకు అనుమతి ఇచ్చామని. దాన్ని ‘సెలవు మంజూరైంది’ అని రాసిన వాక్యంలో వ్యాకరణ దోషం వెతికినా దొరకదు. మూలం తెలిసినవాళ్ళే పట్టుకోగలరు. ఇంకా ముఖ్యం, యంత్రం జవాబుదారీ కాదు. మహిళా సంఘం అప్పు కార్డులో వడ్డీ తప్పు పడితే, వేలం నోటీసులో సర్వే నంబరు మారిపోతే, కోర్టు పిలిచి అడిగేది మనిషినే. వాక్యాలు చవకయ్యేకొద్దీ, ‘ఇది సరైనదే’ అని పేరు పెట్టి చెప్పే మాట విలువ పెరుగుతుంది. సువాస్ అనువదించిన తీర్పులను కూడా మనుషులు సరిచూసి దిద్దుతున్నారు. దిద్దడానికి రాసేవారికన్నా ఎక్కువ తెలిసి ఉండాలి. పైగా ఇక్కడ గోప్యత సంగతీ ఉంది. కంపెనీ త్రైమాసిక ఫలితాలు బయటికి రాకముందు వాటిని తెలుగు చేస్తున్నవారి దగ్గర మార్కెట్టును కదిలించే సమాచారం ఉంటుంది. సెబీ 2015 నిబంధనల లెక్కలో అలాంటివారు కూడా లోపలి మనుషులే. ఆ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు, బంధువు చెవిన కూడా వేయకూడదు. అటువంటి కాగితాన్ని ఎవరిదో తెలియని ఉచిత సైటులో పడేసి అనువాదం చేయించుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

జీతం సంగతి దాచకుండా చెప్పాలి. జర్మన్, జపనీస్ అనువాదకులకు వచ్చే ధరలు ఏజెన్సీల ద్వారా తెలుగుకు రావు. మధ్యవర్తులు రెండు మూడు అంచెలు ఉంటే చివరి చేతికి చేరేది ఇంకా తక్కువ. హైకోర్టుల్లో, శాసనసభల్లో, న్యాయశాఖల్లో అనువాదకుల ఉద్యోగాలు ఉన్నాయి. స్థిరంగా ఉంటాయి, కాని అప్పుడప్పుడే పడతాయి. బ్యాంకుల్లో ‘రాజభాష అధికారి’ ప్రకటనలు చూసి తెలుగువాళ్ళు ఆశపడుతుంటారు, అవి హిందీ కోసం పెట్టిన ఉద్యోగాలు. మరి దారి ఎటు? ఇరుకైన చోటును ఎంచుకోవడమే దారి. ‘అన్ని రకాల అనువాదాలూ చేయబడును’ అని బోర్డు పెట్టుకున్నవారికి ధర నిర్ణయించే శక్తి ఉండదు. భూమి పత్రాలో, రుణ ఒప్పందాలో, ఆస్తి తగాదాల సాక్ష్యాలో ఏదో ఒకటి పట్టుకుని, ఆ వీధిలో అందరికీ తెలిసిన మనిషి అయితే లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, చిన్న ఫైనాన్స్ కంపెనీలు నేరుగా వస్తారు. చాలామంది ఈ పనిని ఇంకో పనితో కలిపే మొదలుపెడతారు. లాయరు ఆఫీసులోనో, ఆడిటరు దగ్గరో కూర్చుని నాలుగేళ్ళు కాగితాలు చూడడం ఏ డిప్లొమాకూ తీసిపోని చదువు.

చదువు విషయానికొస్తే, నా ఓటు ముందు విషయానికే. బి.కామ్ చదివినవారు, మూడేళ్ళ ఎల్ఎల్‌బీ చేసినవారు అనువాద మెళకువలు తర్వాత నేర్చుకోగలరు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాలకు ప్రత్యేక కేంద్రమే ఉంది. సాహిత్యం మాత్రమే చదివినవాళ్ళు నిరాశపడనక్కర్లేదు, కానీ కాంట్రాక్టు చట్టం, ఆస్తి బదిలీ చట్టం, ఒక బ్యాలెన్స్ షీటు కూర్చుని చదవక తప్పదు. ఒక తెలుగు క్రయ దస్తావేజును, ఒక ఇంగ్లిషు క్రయ దస్తావేజును పక్కపక్కన పెట్టుకుని చదవడం అన్నిటికంటే మంచి అభ్యాసం. ఏ వాక్యం దేనికి జోడీయో గీత గీసి చూస్తే, అమ్మకందారు హక్కు, నిరాటంకమైన స్వాధీనం, హద్దులు, చెల్లించిన ప్రతిఫలం ఎక్కడెక్కడ వస్తాయో చేతికి అలవాటవుతుంది. తేలిన ప్రతి మాటనూ ఒక సొంత పదకోశంలో రాసుకోవాలి: ఇంగ్లిషు మాట, తెలుగు మాట, ఏ సెక్షను, ఎందుకు ఈ మాటే. ముందు చేసిన వాక్యాలను గుర్తుపెట్టుకునే అనువాద సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిని వాడడం నేర్చుకోవాలి. చేసినదాన్ని రెండో మనిషి చేత చదివించాలి. అనువాద సేవలకు వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాలు రెండో జత కళ్ళను తప్పనిసరి చేశాయి, చట్టపరమైన అనువాదానికే ప్రత్యేకంగా 2020లో ఐఎస్ఓ 20771 వచ్చింది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరి పని ఒకరు దిద్దుకునే చిన్న బృందాలు తెలుగులో ఏర్పడాలని నా కోరిక.

లాయర్లే అనువదించుకోవచ్చు కదా అన్న మాట కూడా ఉంది. చాలాచోట్ల జరుగుతున్నది అదే. నిజానికి 1952 నాటి నోటరీల చట్టం, పత్రాలను అనువదించే, అనువాదాన్ని ధ్రువీకరించే అధికారాన్ని నోటరీకి ఇచ్చింది. అయితే తన కక్షిదారు తరఫున వాదించే లాయరు, ఎదుటి పక్షానికి ఉపయోగపడే వాక్యాన్ని ఎంత నిష్ఠగా అనువదించినా అనుమానం మిగులుతుంది. పరీక్ష పాసై ప్రమాణం చేసిన అనువాదకుల జాబితా జర్మనీలో, స్పెయిన్‌లో ఉన్నట్టు మనకు లేదు. ఇది పెద్ద లోటు. రెండు తెలుగు రాష్ట్రాల హైకోర్టులు ఒక పరీక్ష పెట్టి అలాంటి జాబితా తయారు చేస్తే కక్షిదారులకూ, కోర్టుకూ, ఈ వృత్తికీ కూడా మేలు. అది వచ్చేదాకా ధ్రువీకరణ పత్రం అనువాదకులే రాసుకోవాలి. దీనికి అమెరికా ఇమిగ్రేషన్ నిబంధన ఒక మంచి నమూనా. పిల్లల పుట్టిన సర్టిఫికెటో, పెళ్ళి ధ్రువపత్రమో తెలుగులో ఉంటే దానికి పూర్తి ఇంగ్లిషు అనువాదం జత చేయాలి. అది సంపూర్ణం, సరైనది అనీ, తనకు ఆ భాష నుంచి అనువదించే సామర్థ్యం ఉందనీ అనువాదకులు రాసి ఇవ్వాలి. ‘సంపూర్ణం’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ముద్ర మసకగా ఉంటే ‘ముద్ర, చదవడానికి వీలుకాదు’ అని రాయాలి. కొట్టివేత ఉంటే కొట్టివేత అని రాయాలి. అందంగా లేదని దేన్నీ వదలకూడదు, అర్థం కాలేదని దేన్నీ ఊహించకూడదు.

చివరగా ఒక వాక్యం గురించి చెప్పాలి. తెలుగులో వచ్చే చాలా అప్పు పత్రాల, బీమా పత్రాల అడుగున ‘తేడా ఉన్న పక్షంలో ఇంగ్లిషు ప్రతియే చెల్లుతుంది’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. చట్టపరంగా ఏదో ఒక పాఠం చివరి మాట కావాలి, దాన్ని కాదనలేం. లోహార్ల కేసులో జరిగిందీ అదే. కానీ ఆ వాక్యం ఎవరి మీద భారం వేస్తోందో చూడండి. అప్పు తీసుకునే మహిళకు ఇంగ్లిషు రాదు కాబట్టే తెలుగు కాగితం ఇచ్చారు. తెలుగులో తప్పుంటే ఆమె తాను చదవలేని ఇంగ్లిషు కాగితానికి కట్టుబడాలి. ఈ వాక్యం ఉంది కదా అని తెలుగును నిర్లక్ష్యంగా చేసే అనువాదకులు ఆమెను మోసం చేయడంలో చేయి కలిపినట్టే. అలా కాకుండా, ఆ వాక్యాన్నే పేజీ మొదట్లోకి, మిగతా అక్షరాలంత పెద్దదిగా తెమ్మని పని ఇచ్చిన కంపెనీని అడగవచ్చు. మూలంలో రెండు అర్థాలకు తావిచ్చే చోటు కనబడితే, తోచిన అర్థం రాసేయకుండా ముందు వాళ్ళకే ఉత్తరం రాయవచ్చు. అలా రాసిన ఉత్తరం వల్ల ఇంగ్లిషు ప్రతినే దిద్దుకోవలసి వచ్చే సందర్భాలుంటాయి. ఒప్పందాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒక్కటీ వదలకుండా చదివే మనిషి, చాలాసార్లు, అనువాదకులు ఒక్కరే.